చిలకమ్మకు చప్పట్లు, ఇస్త్రీ అక్కకు చీవాట్లు

తెల్లవారగానే మొహం కడుక్కుని, పొయ్యి మీద నీళ్ళు పడేసి, అవి మరిగేలోపు వంటగది కిటికీ దగ్గర నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకోవడం ఇస్త్రీ అక్కకు అలవాటు. తనకంటూ ఆమె పెద్దగా ఏమీ అడిగేది కాదు. ఇంటిల్లిపాదినీ వరసగా ఆయన చేతిలో పెట్టేది. ముందు భర్త, ఆయన నడిపే బస్సు, ఆ బస్సు బ్రేకులు. తరవాత పెళ్ళయి వెళ్ళిన కూతురు. తరవాత మోకాళ్ళ నొప్పుల అత్తగారు, పై వాటాలో ఉండే మరిది. అందరికంటే ఆఖరున తోడికోడలు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు మరిగిపోయేవి. 'దాన్ని కూడా చల్లగా చూడు' అనే ముక్క సగం నోట్లోనూ, సగం గిన్నె దింపే చప్పుడులోనూ కలిసిపోయేది. దేవుడికి వినపడిందో లేదోనని ఆమె రెండోసారి చెప్పేది కాదు. అయితే ఒక్కరోజు కూడా ఆ పేరు మానలేదు. అదీ చెప్పుకోవాలి.

ఆమె పని ఆసుపత్రులకూ హోటళ్ళకూ గుడ్డలు ఉతికి పంపే పెద్ద లాండ్రీలో. లోపలికి అడుగు పెడితే ఆవిరి మొహాన కొట్టేది. ఒక పక్క యంత్రాలు గిరగిర తిరుగుతూ గోడల్ని అదరగొట్టేవి. ఇంకో పక్క ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డలు కట్టుకుని మాసినవాటిని వేరుచేసేవాళ్ళు. కిటికీల వైపు పొడుగాటి ఇస్త్రీ బల్లలు. మామూలు దుప్పట్లను రోలరు యంత్రం నొక్కేస్తుంది గానీ, డాక్టర్ల కోట్లు, హోటలు బల్లగుడ్డలు, అంచుకు కుట్టుపని ఉన్న దుప్పట్లు చేత్తోనే చెయ్యాలి. అవన్నీ ఈమె బల్ల మీదికే వచ్చేవి. ఆమె వేసిన మడత ఎంత పదునుగా ఉండేదంటే, "అక్కా, ఆ దుప్పటి ఇటివ్వు, ఉల్లిపాయలు తరుక్కుంటాను" అని తోటివాళ్ళు వేళాకోళం ఆడేవాళ్ళు. ఆ ఒక్క హాస్యమే ఆమె వాటాకు వచ్చిన ముద్దు. మిగతా ముద్దంతా తోడికోడలికే పోయేది.

ఆ తోడికోడల్ని లాండ్రీలో చేర్పించింది ఈమే. మేనేజరు దగ్గర నిలబడి, మా ఇంటి పిల్ల, పని నేర్పిస్తాను అని పూచీ పడింది. పిల్ల పని నేర్చుకోవడానికి కొంత కాలం పట్టింది గానీ, మనుషుల్ని వశం చేసుకోవడానికి ఒక పూట చాలింది. ఎవరి గొంతునైనా ఇట్టే పలికేది. లారీ డ్రైవరు తుమ్ము, మేనేజరు సకిలింపు, రోలరు యంత్రం ఆగిపోయేముందు పెట్టే మూలుగు, అన్నీ దాని గొంతులో ఉండేవి. మూడో నాటికి దానికి చిలకమ్మ అని పేరు పడింది. బస్సు తప్పిపోయి ఇద్దరూ ఆలస్యంగా వచ్చిన రోజున మేనేజరు, "పాపం, పరిగెత్తుకొచ్చావా చిలకమ్మా, కాసేపు కూర్చో" అనేవాడు. వెనకాలే రొప్పుతూ వచ్చిన ఇస్త్రీ అక్కను చూసి మాట్లాడకుండా గోడ గడియారం వైపు చూసేవాడు.

ఇంట్లోనూ అదే తంతు. చిన్నకోడలు కూరలో ఉప్పు ఎక్కువేస్తే అత్తగారు నవ్వుతూ నీళ్ళు తాగేది. పెద్దకోడలు వేస్తే పళ్ళెం ముందుకు తోసేది.

కళ్ళు కుట్టేవి ఇస్త్రీ అక్కకు. అది మంచిది కాదని తెలియక కాదు. ఈ గుణం తీసెయ్యి తండ్రీ అని పొద్దున్నే అడుగుదామని ఎన్నోసార్లు అనుకుంది. అడిగితే ఆయన నిజంగానే తీసేస్తాడేమో, తీసేస్తే ఆ ఖాళీ చోట ఏం పెట్టుకోవాలో తెలియక అడగలేదు.

లాండ్రీలో ఉతికిన గుడ్డల బండిని యంత్రాల నుంచి బల్లలకూ, బల్లల నుంచి లారీకీ తోసే మనిషి ఒకడుండేవాడు. అందరూ బండాయన అనేవాళ్ళు. సముద్రం అవతలి దేశం నుంచి వచ్చినవాడు. వేరే జాతి. ఒళ్ళు బాగా నలుపు, దగ్గరగా ఉంగరాలు తిరిగిన జుట్టు. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయినా మాటల్ని ఒక్కొక్కటిగా పేర్చుకుంటున్నట్టు మాట్లాడేవాడు. ఇస్త్రీ అక్క ఎడమ భుజం లాగుతోందని ఎవరితోనో అంటే విని, మర్నాటి నుంచి ఆమె మోపును కుడిచేతి వైపు దించేవాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు తట్టేసరికి చాలా రోజులు గడిచాయి. తట్టాక ఒక మంచిమాట అందామనుకుంది, పనిలో పడి మరిచిపోయింది.

ఆ ఏడు లాండ్రీ వార్షికోత్సవం రోజున మధ్యాహ్నం యంత్రాలు ఆపి, బల్లలు గోడవారకు జరిపి అందరూ సరదాగా కూర్చున్నారు. పాటలయ్యాయి, కుర్చీలాట అయ్యింది. అప్పుడు తలుపు తోసుకుని చిలకమ్మ వచ్చింది. మొహానికీ చేతులకూ బూటు పాలిష్ దట్టంగా పూసుకుంది. నెత్తిన ఉన్నిటోపీ. బండాయన బండినే తోసుకుంటూ, ఆయనలాగే ఒక కాలు కాస్త ఈడుస్తూ, ఆయన మాటల్నే ఇంకా ముక్కలు చేసి, "కరెంటు... పోయిందా... నన్ను వెతకొద్దు. నేను... నవ్వుతాను. పళ్ళు కనపడిన చోటికి... రండి!" అంది.

హాలు హాలంతా విరగబడి నవ్వింది. మేనేజరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. బండాయన వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. అందరూ వెనక్కి తిరిగి ఆయన వంక చూశారు. ఆయనా నవ్వాడు. అందరూ అలా తన వైపే తిరిగి చూస్తుంటే నవ్వక ఇంకేం చెయ్యగలడని అప్పుడెవరికీ తోచలేదు.

నవ్వనిది ఇస్త్రీ అక్క ఒక్కతే. బండాయన మీద జాలితో నవ్వలేదనుకుంటే పొరపాటు. ఆ చప్పట్లు ఆమెకు చెవుల్లో సీసం పోసినట్టున్నాయి. 'దీనికి ఇది కూడా చెల్లిందా' అనుకుంది, అంతే. చిలకమ్మకు బహుమతిగా ఒక గోడగడియారం ఇచ్చారు. ఆ ఆటను ఎవరో ఫోనులో తీస్తే, అది చేతులు మారి ఆసుపత్రి దాకా పోయింది. అక్కడి నర్సులు కడుపుబ్బ నవ్వామని కబురు పంపారు. వీధి చివర పాలకొట్టామె చిలకమ్మను చూడగానే, "ఏదీ, ఒక్కసారి ఆ పళ్ళ మాట అనవూ" అని బతిమాలేది.

కొన్నాళ్ళకు ఇస్త్రీ అక్క నోరు జారింది.

ఆ రోజు గంజి చిక్కగా కలిసింది. కలిపింది ఆమే. తడి గంజి మీద కాలే ఇస్త్రీపెట్టెను ఒక్కచోట ఆపకూడదు. ఆపితే గంజి మాడి పెట్టె అడుగున పెచ్చులా అంటుకుంటుంది, ఆ తరవాత ఆ పెట్టె ఏ గుడ్డ మీద నడిచినా మసిచార వేస్తుంది. ఇస్త్రీ బల్ల దగ్గర చేరినవాళ్ళకు మొదట నేర్పే సంగతి ఇది. కానీ ఆ సమయానికి అవతల బల్ల దగ్గర మేనేజరు చిలకమ్మ భుజం తట్టి ఏదో అంటున్నాడు. మాట వినపడటం లేదు, నవ్వు మాత్రం వినపడుతోంది. ఇస్త్రీ అక్క చెయ్యి ఆగింది, పెట్టె ఆగింది, చూపు మాత్రం అటే ఉండిపోయింది.

మళ్ళీ గుడ్డ వైపు చూసేసరికి హోటలు వాళ్ళ తెల్ల దుప్పటి మీద జానెడు నల్లచార. అదే సమయానికి బండాయన తరవాతి మోపు దించుతున్నాడు.

"ఏమోయ్, కళ్ళు కనపడట్లా? చూడు, ఏం చేశావో చూడు!" అని అరిచింది. "నీ చెయ్యి తగిలితే చాలు, తెల్లగుడ్డ నల్లబడుతుంది. ఎంత ఉతికినా పోని జాతి మీది!"

చుట్టుపక్కల బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి. బండాయన తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడు.

"అయ్యో అక్కా! ఎంత మాటన్నావ్!" అంటూ మొట్టమొదట పరిగెత్తుకొచ్చింది ఎవరనుకున్నారు? చిలకమ్మే. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వెళ్ళి బండాయన పక్కన నిలబడింది. అది చూసి ఇంకొకామె వెళ్ళింది. ఇంకొకామె. చూస్తుండగానే అందరూ అటు, ఇస్త్రీ అక్క ఒక్కతే ఇటు. ఎవరో "ఛీ" అన్నారు. ఎవరో ఫోను పైకెత్తారు. తొట్రుపాటులో ఆమె పెట్టెను అదే దుప్పటి మీద ఇంకో జానెడు నడిపింది. ఇంకో చార పడింది. పెట్టె తిప్పి అడుగు చూసుకుంది. మాడిన గంజి పెచ్చు అక్కడే ఉంది. తప్పు ఎవరిదో అప్పుడు ఆ హాలులో ఆమె ఒక్కదానికే తెలుసు. చెబుదామని నోరు తెరిచింది. ఎదురుగా చిలకమ్మ, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. నోరు మూసుకుంది.

ఆ సాయంత్రానికే కబురు ఆసుపత్రికి పోయింది. అలాంటి మనుషులుండే చోటికి మా దుప్పట్లు పంపం అని అక్కడినుంచి ఫోను. మేనేజరు ఇస్త్రీ అక్కను పిలిచి, "సోమవారం దాకా ఇంట్లో ఉండమ్మా. సోమవారం అందరి ముందూ ఆయన్ను క్షమాపణ అడుగు. ఆయన సరే అంటే నీ బల్ల నీది. అనకపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు. ఆ బల్ల దగ్గరే ఆమె నడివయసు దాకా వచ్చింది. అది పోతే ఇంకెక్కడికీ పోయే వయసు కాదు, కొత్తగా పని నేర్చుకునే వయసూ కాదు. పాలకొట్టామె ఆ సాయంత్రం ఆమెకు పాలు పోసింది గానీ మొహం చూడలేదు.

ఇంటికి వస్తే అత్తగారు మంచం మీంచే అందుకుంది. "ఎంతసేపూ ఆ నోరు. పుల్లవిరుపు మాటలు. చిన్నది నిన్ను చూసి ఎంత ఏడ్చిందో తెలుసా?"

"నన్ను చూసి ఎందుకేడ్చిందట? చచ్చానా?"

"అదిగో, మళ్ళీ!"

భర్త డ్యూటీ దిగి వచ్చి, విషయం విని, రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి ఆమె ముందు పెట్టాడు. ఆ ఇంట్లో ఆ పూట ఆమెకు దక్కిన దయ అంతే, కానీ ఆ గ్లాసు వెచ్చగా ఉంది.

కాసేపటికి చిలకమ్మ పై వాటా నుంచి కూర డబ్బా పట్టుకుని దిగింది. "తినక్కా. పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండవు."

"ఆకలి లేదు. నీ జాలి తినే కడుపు నిండింది."

"నామీద ఎందుకక్కా కోపం? నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదమ్మా! మొహానికి బూటు పాలిష్ పూసుకుని అతని నడక నడిచావు, అతని మాట పలికావు. అందరూ చప్పట్లు కొట్టి గోడగడియారం ఇచ్చారు. నేను ఒక్క మాటంటే ఉద్యోగం ఊడుతోంది. నీ నోట్లోది తేనె, నా నోట్లోది విషమూనా?"

చిలకమ్మ నిజంగానే తెల్లబోయింది. "అది ఆట కదక్కా! సరదాకి. బండన్న కూడా నవ్వాడు. నువ్వు కోపంగా అన్నావు."

"అంటే నవ్వుతూ కొడితే దెబ్బ తగలదా?"

"అబ్బ, దానితో పోటీ ఏమిటే నీకు!" అంది అత్తగారు. "అది ఏమన్నా ముద్దుగా ఉంటుంది. నువ్వంటే గుచ్చుకుంటుంది. దేవుడు అలా పుట్టించాడు, ఏం చేస్తాం?"

దేవుడి పేరు మధ్యలోకి రావడంతో ఇస్త్రీ అక్కకు ఇంకా మండింది. డబ్బా మూత పెట్టి తోడికోడలి చేతిలో పెట్టేసింది.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళి, తన ఫోనులో ఆ ఆట పెట్టి ఆయన బల్ల మీద నిలబెట్టింది. "దీనికేం శిక్ష వేశారు సార్?"

ఆయన ఫోను వైపు చూసి, చప్పుడు తగ్గించమన్నట్టు చెయ్యి ఊపాడు. "అదెందుకమ్మా ఇప్పుడు? అప్పుడు అందరం నవ్వాం కదా."

"అందరూ నవ్వితే తప్పు ఒప్పవుతుందా?"

"తప్పంటే హాలంతటిదీ తప్పే. నాతో సహా. ఎంతమందిని ఇంటికి పంపమంటావు?" ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అదీగాక, చిలకమ్మ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. బండాయన చేస్తే అప్పుడు చూద్దాం."

ఆ ఆఖరి మాట పట్టుకుని బయటికి వచ్చింది ఇస్త్రీ అక్క. బండాయన చేస్తే! అతని చేత ఒక్క మాట చెప్పిస్తే చాలు. సోమవారం ఆ హాలులో తను ఒక్కతే నిలబడదు. పక్కన చిలకమ్మ కూడా నిలబడుతుంది. తల వంచుకుని. బూటు పాలిష్ లేని మొహంతో. ఆ దృశ్యం ఊహించుకుంటే నడకలో హుషారు వచ్చింది. తన బల్ల నిలబడుతుందా లేదా అన్న దిగులు కూడా ఆ హుషారులో కాసేపు మరుగున పడింది.

బండాయన ఉండేది లాండ్రీ వెనక సందులో, మెట్లకింద రెండు గదుల్లో. ఆ రోజు ఆయనకు వారపు సెలవు కావడంతో గుమ్మంలో కూర్చుని కుర్చీ కాలుకు మేకు కొడుతున్నాడు. ఆమెను చూసి లేచాడు. ఆ కుర్చీ బాగుందో లేదో తను ముందు కూర్చుని చూసి, లేచి, ఆమెకు వేశాడు. ఆయన భార్య లోపలి నుంచి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది గానీ మాట్లాడలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

"చూడు," అని మొదలుపెట్టింది ఇస్త్రీ అక్క, నీళ్ళు తాగి. "నేనొక మాటన్నాను. సరే. నన్ను అందరూ తిట్టారు. అదీ సరే. మరి ఆ రోజు చిలకమ్మ నీ వేషం కట్టి నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే? అది న్యాయమా? నువ్వెందుకూరుకున్నావు? వెళ్ళి మేనేజరుతో ఒక్క మాట చెప్పు. నేను నీ పక్క ఉంటాను."

బండాయన సుత్తిని కింద పెట్టాడు. "అక్కా, మీరు చెప్పింది నిజం," అన్నాడు నెమ్మదిగా. "ఆ ఆట నాకు ఎక్కువ నొప్పి. మీరు ఒక్కరు అన్నారు, నా మొహాన అన్నారు. కావాలంటే నేను తిరిగి అనగలను. ఆ రోజు హాలు మొత్తం నవ్వింది. ఎవరికి తిరిగి చెప్పాలి? ఇప్పటికీ నేను బండి తోస్తుంటే వెనకనించి ఎవరో ఒకరు, పళ్ళు చూపించు అంటారు. మా ఆవిడ ఆ ఫోను బొమ్మ చూసింది. వేషం చూసి ఏమీ అనలేదు. వెనక వరసలో నేను నవ్వుతున్నాను చూడండి, అది చూసి అడిగింది. నువ్వెందుకు నవ్వావు అని. చెప్పలేకపోయాను."

"అదే నేనంటున్నది! మరి వెళ్ళి చెప్పు!"

"చెప్తాను. ఎప్పుడో నాకు అనిపించినప్పుడు, నా కోసం చెప్తాను. మీ కోసం చెప్పను." ఆయన ఆమె వంక సూటిగా చూశాడు. "మీరు వచ్చి ఇంతసేపయింది. చిలకమ్మ మాట చాలాసార్లు అన్నారు. మీరు నన్ను అన్న మాట గురించి, సరే అన్నారు. మీ ఇద్దరి గొడవ మోసుకుపోవడానికి నేను బండినా అక్కా?"

ఇస్త్రీ అక్కకు చేతిలోని ఖాళీ గ్లాసును ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఆ మరక గంజిది," అన్నాడు ఆయన. "వాసన చూస్తే తెలిసింది. మీరు వెళ్ళాక పెట్టెను ఉప్పు మీద రుద్ది అడుగు శుభ్రం చేసి పెట్టాను. లేకపోతే తరవాతి మనిషి దుప్పటి పాడవుతుంది."

"తెలిసి... మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమవుతుంది? నా చేతులు శుభ్రమే అని నేను రుజువు చేసినట్టు. నా చేతులు శుభ్రం అని నేను ఎందుకు రుజువు చెయ్యాలి?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య అప్పుడు వచ్చి, ఇస్త్రీ అక్క చేతిలోంచి గ్లాసు తీసుకుంది. కసిరినట్టు కాదు, ఒక భారం దించినట్టు తీసుకుంది. చేసిన మేలు చెప్పుకోని మనుషులు లోకంలో కొందరుంటారు. వాళ్ళ ఎదుట కూర్చోవడం తిట్లు తినడం కంటే కష్టం. ఆమె ఏదో గొణిగి లేచింది. క్షమించమనే మాట నాలుక చివరి దాకా వచ్చింది, అయితే ఇప్పుడంటే అది కూడా బేరంలాగే వినపడుతుందని ఆమెకే అనిపించి మింగేసింది.

ఆదివారమంతా క్షమాపణకు చెప్పాల్సిన మాటల్ని వల్లె వేసింది. 'పొరపాటున నోరు జారాను, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించండి.' సోమవారం పొద్దున్న యంత్రాలు ఆపి అందర్నీ నిలబెట్టారు. చిలకమ్మ ముందు వరసలోనే ఉంది. ఇస్త్రీ అక్క ముందుకు వచ్చి నిలబడి, వల్లె వేసిన మాటలన్నీ మరిచిపోయింది.

"ఆ మరక నేను చేసింది," అంది. "గంజి మాడింది. నా చూపు పని మీద లేదు. తప్పు నాదని ఆ క్షణంలోనే తెలిసింది, అయినా చెప్పలేదు. అతని చెయ్యి తగల్లేదు. తగిలినా గుడ్డ మాసిపోదు. అతని చెయ్యినీ, అతని జాతినీ అనరాని మాటన్నాను." అక్కడ ఆగి, బండాయన వైపు తిరిగింది. "అన్నా, తప్పయింది. నన్ను క్షమించు."

అతన్ని ఆమె అన్నా అని పిలవడం అదే మొదలు.

బండాయన వెంటనే ఏమీ అనలేదు. అందరూ ఆయన నోటివైపు చూశారు. మేనేజరు సకిలించాడు. ఫరవాలేదు అంటాడనీ, పోనీలే అక్కా అంటాడనీ ఎదురుచూశారు. ఆయన ఆ మాటలేవీ అనలేదు. ఆమెను అలాగే నిలబెట్టాడు. ఇస్త్రీ అక్కకు కాళ్ళ కింద నేల వేడెక్కినట్టయింది. ఆఖరుకు, "విన్నాను," అన్నాడు. "ఆమె పని ఆమె చేసుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు."

అంతే. చప్పట్లు లేవు. యంత్రాలు మళ్ళీ తిరిగాయి. ఇస్త్రీ అక్క తన బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె వేడి చేసుకుంది. బల్ల దక్కింది. పక్కామె మాట్లాడకుండా గంజి గిన్నె ఇటు జరిపింది, అదీ కొంత ఊరటే.

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద చిలకమ్మ ఆమెను ఆపింది. మొహం వాచి ఉంది. "అక్కా, నువ్వు తగిలినా మాసిపోదు అన్నావు చూడు, అప్పుడు నాకు నా మొహాన పూసుకున్న పాలిష్ గుర్తొచ్చింది. ఒళ్ళు జలదరించింది. ఆ గడియారం కూడా గోడమీంచి తీసేశాను. రేపు నేనూ అందరి ముందూ బండన్నను క్షమాపణ అడుగుతాను. నన్నెవరూ అడక్కపోయినా సరే."

అది నాటకం కాదు. చిలకమ్మ ఏడుపు నిజమైనదేనని ఇస్త్రీ అక్కకు తెలుసు, ఆ పిల్ల మనసు చెడ్డది కాదనీ తెలుసు. "మంచిదే, అడుగు" అని తల నిమిరింది కూడా. కానీ గదిలోకి వచ్చి కూర్చున్నాక మర్నాటి సంగతంతా కళ్ళకు కట్టింది. రేపు హాలు మధ్యలో చిలకమ్మ నిలబడుతుంది. ఎవరూ అడక్కుండానే అడిగింది, ఎంత పెద్ద మనసు అంటారు. ఆ వెక్కిళ్ళకు ఆడవాళ్ళందరూ ముక్కులు ఎగబీలుస్తారు. మేనేజరు కళ్ళజోడు తీస్తాడు. ఇంకో గడియారం ఇచ్చినా ఇస్తారు. తను వణుకుతూ దాటిన ఏటిని అది పల్లకీలో దాటుతుంది. తప్పులో చప్పట్లు, ఇప్పుడు క్షమాపణలోనూ చప్పట్లేనా?

మర్నాడు అందరికంటే ముందు లాండ్రీకి వెళ్ళింది. బండాయన లారీ దగ్గర ఖాళీ బండిని తిప్పుకుంటున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"అన్నా, ఒక్క సాయం చేసిపెట్టాలి," అంది ఇస్త్రీ అక్క, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి. "ఇది మొన్నటిలాంటిది కాదు, ఎవరిమీదా ఏమీ చెప్పమనను. ఇవాళ చిలకమ్మ వచ్చి నిన్ను క్షమాపణ అడుగుతుంది. అడగాల్సిందే. మనసారానే అడుగుతుంది, అబద్ధం చెప్పను. ఏడుస్తుంది కూడా. అది ఏడిస్తే రాయికైనా కన్నీళ్ళొస్తాయి. అందరూ నీ వంక చూస్తారు, పోనీలే అనమని. నువ్వు క్షమిస్తావో మానుతావో నీ ఇష్టం, నేను అడ్డం రాను. కానీ నన్ను కాసేపు నిలబెట్టావు చూడు, దాన్నీ అంతసేపూ నిలబెట్టు. నాతో 'విన్నాను' అన్నావు, దానితోనూ 'విన్నాను' అను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనకు అన్నా, నీకు పుణ్యముంటుంది."